ముందు పార, ఆ తర్వాతే తాడు

ఈ నెల ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చుంటే సగానికి సగం ఒకటే గోల: బండి దిగబడింది. ఇసకలో ఒకరిది, వాగులో ఒకరిది, రేగడి చేలో ఇంకొకరిది. అందుకని మైలేజీ ప్రశ్నలు, క్లచ్చి ప్రశ్నలు ఈసారికి పక్కన పెట్టాను. వాళ్లు ఏమీ అనుకోవద్దు. క్లచ్చి ఒక నెల ఆగుతుంది, సముద్రం పోటు ఆగదు.

అన్నా, కొత్తగా ఫోర్ బై ఫోర్ థార్ కొన్నాను. మొన్న ఆదివారం మైపాడు దాటి ఒడ్డునే ఉత్తరం వైపు నలుగురం పోయాం. నీళ్ల పక్కన తడి ఇసక మీద బాగానే పోయింది. వెనక్కి తిప్పుకుందామని పైకి ఎక్కించగానే దిగబడింది. ఎంత తొక్కితే అంత లోపలికి పోయింది. చివరికి ఊళ్లోంచి ట్రాక్టరు తెచ్చి బంపరుకి గొలుసు కట్టి లాగితే బంపరు ఊడొచ్చింది, బండి రాలేదు. మొత్తం మీద మూడు గంటలు పట్టింది. నేను ఎక్కడ తప్పు చేశాను?
– ఒక పాఠకుడు, నెల్లూరు

తమ్ముడూ, ఆ మూడు గంటల్లో జరగాల్సిన తప్పంతా మొదటి పది సెకన్లలోనే జరిగిపోయింది. బండి కదలకుండా చక్రం ఒక్కటే తిరుగుతుంటే అది చక్రం కాదు, పార. ప్రతి తిప్పుకీ కింద ఉన్న ఇసకని ఎత్తి వెనక్కి పోస్తుంది. ఇంకో నాలుగు తిప్పులకి ఛాసీ వచ్చి ఇసక మీద కూర్చుంటుంది. ఆ తర్వాత నాలుగు చక్రాలకీ పవర్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఒడ్డున లాగి పెట్టిన పడవకీ మీ బండికీ తేడా లేదు.

బండి మొరాయించిందని తెలియగానే కాలు తీసేయాలి. తీసి దిగాలి. నేనైతే వెనకటికి దిగి ఒక బీడీ ముట్టించేవాణ్ణి. డాక్టరు మానిపించాక ఇప్పుడు సీసాలో మజ్జిగ పెట్టుకుని పోతున్నాను. ఎందుకంటారా, దిగబడ్డ బండి చుట్టూ పదిమంది చేరేసరికి మనకి సిగ్గేస్తుంది. లక్షలు పోసి కొన్న బండి, పైగా ఫోర్ బై ఫోర్ అని నలుగురికీ చెప్పుకున్న బండి. ఆ సిగ్గు మీద చేసే పనులతోటే బంపర్లు ఊడేది. ఇసకలో కూర్చున్న బండి దానంతటది ఎవరి జోలికీ రాదు. దాన్ని ఊపు మీద లాగాలని కట్టే తాడే మనుషుల్ని తీసేది.

మజ్జిగ తాగుతూ సముద్రం వంక చూడండి. పోటు ఎక్కుతోందా, దిగుతోందా? ఆరు గంటలు ఎక్కుతుంది, ఆరు గంటలు దిగుతుంది, కొంచెం అటూ ఇటూగా. పౌర్ణమికీ అమావాస్యకీ ఇంకా పైదాకా వస్తుంది. తెలియకపోతే వలలు బాగుచేసుకుంటున్న వాళ్లని అడగండి, గడియారం చూడకుండా చెప్తారు. ఎక్కే పోటైతే ట్రాక్టరు కోసం మనిషిని అప్పుడే పంపించి మిగతా పని మొదలుపెట్టండి. దిగే పోటైతే తొందరేం లేదు.

తర్వాతది గాలి. రోడ్డు మీద 32 పీఎస్‌ఐ ఉంటుంది కదా, నాలుగు టైర్లకీ 18కి దించండి. నమ్మకం కుదరకపోతే పిడికిలి బిగించి ఇసకని గుద్దండి, దిగుతుంది. అదే చోట అరచేయి పరిచి నొక్కండి, దిగదు. గాలి తగ్గిన టైరు అరచేయి లాగా పొడవుగా పరుచుకుంటుంది. అడ్డంగా ఉబ్బేది తక్కువ, ముందుకీ వెనక్కీ సాగేదే ఎక్కువ. చాలాసార్లు ఈ ఒక్క పనితో బండి బయటికొచ్చేస్తుంది. నేను చూసినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఈ పని చివర్న చేస్తారు, అదీ ఎవరో పెద్దాయన తిడితే.

అప్పటికీ రాకపోతే పార. చక్రాల వెనక ఏటవాలుగా తవ్వండి. బండి కింద, ఇరుసు మధ్యలో గుండులా ఉండే డిఫరెన్షియల్ చుట్టూ ఇసక తీసేయండి. జాకీ ఎత్తి పెట్టి దాని కింద మాత్రం దూరొద్దు, ఇసకలో జాకీ నిలవదు. పక్కన కూర్చుని పొడవు కామ పారతోనే లాగండి. ఎటు తవ్వాలంటే వచ్చిన దారి వైపే. ఆ జాడలో ఇసక ఒకసారి తొక్కుడు పడింది కాబట్టి గట్టిగా ఉంటుంది. చక్రాల కింద కొబ్బరి మట్టలు గానీ, తడిపిన గోతాలు గానీ పరవండి. స్టీరింగు తిన్నగా పెట్టండి. ఫోర్ లో (4L) గేరు వేసి, జారుడు ఆపే ఈఎస్‌పీ స్విచ్చి ఉంటే ఆపేసి, నిదానంగా రివర్సు. ఆ టైములో బండి ముందు ఎవర్నీ నిలబడనీయకండి. రివర్సులో తిరిగే చక్రం తడి గోతాన్ని ముందుకి విసిరిందంటే ముక్కు పగులుతుంది.

బయటికొచ్చాక ఆ పొడి ఇసకలోకి మళ్లీ పోకండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడే ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట వచ్చి గుంట తీసి వంద దాకా గుడ్లు పెట్టి కప్పేసి పోతాయి. పైకి ఏమీ కనపడదు. మీ టైరు కింద ఏముందో మీకు తెలియదు.

ఇక గొలుసు సంగతి. మీకు ఊడింది బంపరే కాబట్టి బతికిపోయారు. ముప్ఫై ఏళ్ల కిందటి మాట, నేను ఇసకపల్లి వైపు ఉప్పు కొటార్లలో జీపు తోలేవాణ్ణి. ఒకనాడు గట్టు జారి జీపు అడుసులో దిగింది. ఉప్పు లారీని పిలిచి గొలుసు కట్టాం. నేను స్టీరింగు దగ్గర ఉన్నాను. మొదటిసారి మెల్లగా లాగాడు, రాలేదు. "ఊపు మీద లాగన్నా" అని అరిచింది నేనే. ఆయన గొలుసు వదులయ్యేదాకా వెనక్కొచ్చి ఒక్క దూకు దూకించాడు. గొలుసు సాగదు కదా, ఆ దెబ్బంతా ఒక్కసారే కొక్కెం మీద పడింది. లారీ వైపు కొక్కెం విరిగి, గొలుసుతో సహా వెనక్కి లేచి, నా ముందు అద్దం పగలగొట్టుకుని వచ్చి వెనక సీటు రేకులో దిగింది. నా కాలి చెప్పు క్లచ్చి కింద ఇరుక్కుంటే తీసుకుందామని అప్పుడే వంగి ఉన్నాను. అందుకే ఈ ఉత్తరాలు చదువుతున్నాను. ఆ కొక్కెం ముక్కని తర్వాత పక్కనున్న చిల్లరకొట్లో తూకం వేయించాను. కిలో నూట యాభై గ్రాములు. ఇప్పటికీ మా షెడ్డులో మేకుకి వేలాడుతూనే ఉంది. గొలుసు అరువడగడానికి వచ్చినవాళ్లకి ముందు అది చూపిస్తాను.

గొలుసుతోనో ఇనపతాడుతోనో లాగితే తప్పదనుకున్నప్పుడు వదులు లేకుండా బిగించి, తాబేలు నడకలో లాగాలి. ఊపు మాటే వద్దు. కట్టేది బంపరుకీ, షోకు కోసం బిగించిన గార్డుకీ కాదు, ఛాసీకి బోల్టులతో బిగించిన లాగుడు కొక్కేనికి. టూల్ కిట్టులో మరతో తిప్పి బిగించే వలయం ఒకటి ఇస్తారు చూడండి, అది రోడ్డు మీద చెడిన బండిని నిదానంగా ఈడ్చుకుపోవడానికి. ఊపు లాగుడుకి పనికిరాదు. మీ బండిలో ఏది ఎక్కడుందో పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. సీటు కింద కవరు కూడా విప్పని పుస్తకం అది.

రెండు నెలల కిందట మీ శీర్షికలో గాలి 15 దాకా దించవచ్చని రాశారు. దించాను. తుమ్మలపెంట ఒడ్డున మలుపు తిప్పగానే ముందు ఎడమ టైరు రిమ్ము నుంచి ఊడింది. స్టెపినీ మార్చడానికి గంటన్నర. దీనికి ఎవరు బాధ్యులు?
– మరో పాఠకుడు, కావలి

సగం నేనే. 15 అని రాసి, అంత తగ్గించాక తిన్నగానే పోవాలి, గబుక్కున తిప్పకూడదు, 20, 25 స్పీడు దాటకూడదు అని రాయడం మరిచిపోయాను. గాలి ఉంటేనే టైరు అంచు రిమ్ముని కరుచుకుని ఉంటుంది. అది తగ్గినప్పుడు పక్కకి లాగితే వదిలేస్తుంది. ఇక నుంచి మొదటిసారి పోయేవాళ్లకి 18 అనే చెప్తాను. మిగతా సగం మీది. గాలి తీసే సాధనం కొన్నవారు గాలి కొట్టే చిన్న కంప్రెసర్ కొనలేదని మీరే రాశారు. గాలి తక్కువతో కావలి దాకా తారురోడ్డు మీద వచ్చారట. టైరు పక్కగోడలు వేడెక్కి పేలకపోవడం మీ అదృష్టం.

బాబాయ్, ఆన్‌లైన్లో రకరకాల పట్టీలున్నాయి. ఒకదానికి టో స్ట్రాప్ అని, ఇంకొకదానికి స్నాచ్ స్ట్రాప్ అని ఉంది. చూడటానికి ఒకటే. ఏది కొనాలి?
– ఇంజనీరింగు విద్యార్థి, ఒంగోలు

చూడటానికే ఒకటి. టో స్ట్రాప్ సాధారణంగా పాలిస్టరు, సాగదు. చెడిన బండిని ఈడ్చుకుపోవడానికి. స్నాచ్ స్ట్రాప్ నైలాను, లాగితే తన పొడవులో ఐదో వంతు దాకా సాగి, మళ్లీ ముడుచుకుంటూ దిగబడ్డ బండిని పైకి తెస్తుంది. కొట్టినట్టు ఉండదు, ఎవరో భుజం కింద చేయి వేసి లేపినట్టు ఉంటుంది. దిగబడ్డ బండికి కావలసింది రెండోది. మామూలుగా 9 మీటర్ల పొడవుంటుంది. రెండు బండ్లలో తేలికదాని మొత్తం బరువుకి రెండు మూడింతలు తట్టుకునేది తీసుకో. మరీ గట్టిది కొంటే సాగదు, అప్పుడు గొలుసుకీ దానికీ తేడా లేదు.

పట్టీని కొక్కేనికి తగిలించే, అడ్డంగా పిన్ను బిగించే ఇనప కొండిని షాకిల్ అంటారు. అది కొనేటప్పుడు దాని మీద బరువు అచ్చు పోసి ఉందా లేదా చూడు. ఇనప సామాను కొట్లో కిలోల లెక్కన అమ్మే షాకిల్ మీద ఏమీ ఉండదు, అది వద్దు. పిన్ను మొత్తం బిగించి ఒక పావు తిప్పు వెనక్కి వదులు. లేకపోతే లాగాక అది రాదు, సుత్తి వెతుక్కోవాలి. రెండు పట్టీలు కలపాలంటే మధ్యలో షాకిల్ పెట్టొద్దు. పట్టీ తెగితే ఆ షాకిలే తుపాకీ గుండు. అలాగే వెనకాల ట్రైలర్ తగిలించే గుండుంటుంది కొన్నింటికి, దానికి చచ్చినా కట్టకూడదు. ఆస్ట్రేలియాలో ఆ గుండు విరిగి వచ్చి తగిలి మనుషులు పోయారు.

లాగే పద్ధతి చెప్తాను. పట్టీని ఒక రెండు మూడు మీటర్లు వదులుగా పాములాగా నేల మీద పరుచు. చుట్టూ ఉన్న జనాన్ని పట్టీ పొడవుకి ఒకటిన్నర రెట్లు దూరం పంపించు. 9 మీటర్ల పట్టీ అంటే పద్నాలుగు అడుగులు కాదు, పద్నాలుగు మీటర్లు. మనవాళ్లు వీడియో తీస్తామని దగ్గరికొస్తారు. వాళ్లు వెనక్కి పోయేదాకా బండి స్టార్టు చేయకు. రెండు బండ్లలోనూ డ్రైవరు తప్ప ఎవరూ వద్దు, ఇద్దరూ బెల్టు పెట్టుకోవాలి. చేయి ఊపేది ఒక్కడే. లాగే బండి లో గేర్లో పరుగుకి తక్కువ, నడకకి ఎక్కువగా పోతే చాలు. దిగబడ్డ బండి కూడా గేరులో ఉండి కొంచెం సాయం పట్టాలి. రెండు మూడుసార్లకి రాకపోతే నాలుగోసారి గట్టిగా కాదు, మళ్లీ పార.

మా ఆయన, మా తమ్ముడు కలిసి కొత్తపట్నం అవతల బండి దింపేశారు. వాళ్లు వెనకవైపు తవ్వుకుంటుంటే ఎండగా ఉందని పిల్లలూ నేనూ ఏసీ వేసుకుని లోపలే గంట కూర్చున్నాం. చిన్నదానికి తలనొప్పి, వాంతి. ఎండదెబ్బ అన్నారు. నాకు అనుమానంగా ఉంది.
– ఒక గృహిణి, ఒంగోలు

అమ్మా, మీ అనుమానం కొట్టిపారేసేది కాదు. ఇసకలో కూర్చున్న బండికి పొగ గొట్టం కూడా ఇసకలో పూడిపోతుంది. ఇంజను తిరుగుతుంటే ఆ పొగ బయటికి పోలేక బండి కిందే చేరి లోపలికి ఎక్కుతుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. మొదట తలనొప్పి, వికారం, తర్వాత మగత. పాపకి వచ్చింది ఎండదెబ్బో, పొగో నేను చెప్పలేను, డాక్టరుకి మాత్రం ఇంజను ఆన్‌లో ఉందన్న సంగతి తప్పకుండా చెప్పండి. ఇంకెప్పుడైనా ఇలా జరిగితే ముందు పిలకాయల్ని దించి, గాలి వచ్చే వైపు, బండికి దూరంగా, సరుగుడు చెట్ల నీడలో కూర్చోబెట్టండి. తవ్వే మగవాళ్లు మొట్టమొదట తవ్వాల్సింది పొగ గొట్టం దగ్గర. మీ ఆయనకీ తమ్ముడికీ ఈ పేజీ చింపి ఇవ్వండి.

మాది పొదిలి దగ్గర నల్లరేగడి. వాన పడ్డాక పొలానికి పోతే బండి ఇరుసుల దాకా దిగింది. దాని ముందు వైపు విద్యుత్ వించి, అదే డ్రమ్ముకి తాడు చుట్టుకుంటూ లాగే మోటారు, ఉంది. దగ్గర్లో సర్కారు తుమ్మ తప్ప చెట్టు లేదు. వించి లాగలేక వేడెక్కి ఆగిపోయింది. ఇసకకి చెప్పే ఉపాయాలే దీనికీ పనిచేస్తాయా?
– ఒక రైతు

కొన్ని పనిచేస్తాయి, కొన్ని ఎదురు తిరుగుతాయి. రేగడి ఎండాకాలం నెర్రెలిచ్చి రాయిలా ఉంటుంది, తడిస్తే ఉబ్బి జిగురవుతుంది. టైరు గీతల్లో పట్టుకుని వదలదు, ఒక తిప్పుకే టైరు బూరెలాగా నున్నగా అవుతుంది. పైగా అది బండిని పీలుస్తుంది. చెప్పు దిగబడితే కాలొస్తుంది గానీ చెప్పు రాదు చూడండి, అదే. అందుకని లాగేముందు ప్రతి చక్రం చుట్టూ గునపంతో గాడి తీసి లోపలికి గాలి పోనివ్వాలి. ఆ పట్టు వదిలాక సగం బలంతో వస్తుంది.

ఎంత బలం కావాలో ఒక మోటు లెక్క ఉంది. చక్రాలు మునిగితే దాదాపు బండి బరువంత బలం పెట్టాలి. మట్టి మడ్‌గార్డు దాకా వస్తే దానికి రెట్టింపు, బాడీ దాకా మునిగితే మూడింతలు. రెండు టన్నుల బండి మడ్‌గార్డు దాకా దిగితే నాలుగు టన్నులన్నమాట. మీ వించి మీద రాసిన బలం డ్రమ్ము మీద అడుగు వరస ఒక్కటే మిగిలినప్పటి మాట. డ్రమ్ము నిండా తాడు ఉంటే అంత రాదు. అందుకని తాడు ఎక్కువ వదలండి, కానీ ఇనపతాడైతే కనీసం ఐదు చుట్లు డ్రమ్ము మీద మిగలాలి. చెట్టు దగ్గర ఒక కప్పీ వేసి తాడుని మళ్లీ బండికే తెచ్చి కట్టారంటే బలం దాదాపు రెట్టింపు, వేగం సగం. మోటారు వేడెక్కకముందే మధ్యలో ఆపుకుంటూ లాగండి. తాడు మధ్యలో తడి గోతం ఒకటి వేయండి, తెగినా ఎగరకుండా కిందికి పడుతుంది. తాడు మీదుగా దాటడం, వట్టి చేత్తో ఇనపతాడు పట్టుకోవడం వద్దు, తెగిన పీచు ఒకటి అరచేతిని చీల్చేస్తుంది.

చెట్టు లేదంటున్నారు. స్టెపినీని గోతిలో పాతిపెట్టి దానికి కట్టే పద్ధతి ఉంది, కానీ నడుముల్లోతు గోయి తవ్వాలి. అంత తవ్వే ఓపిక ఉంటే ముందు బండి చుట్టూ తవ్వుకోవడం మేలు. ఇంకొక మాట, చక్రాల కింద సర్కారు తుమ్మ కంప మాత్రం వేయకండి. ఆ ముల్లు గాలి తగ్గిన టైరులో దిగితే రేగడిలో పంక్చరు వేసుకుంటూ కూర్చోవాలి. కందికట్టె వేయండి, వరిగడ్డి మోపులు వేయండి. తొందర లేకపోతే రెండు రోజులు ఎండ కాయనివ్వండి. రేగడికి అంతకన్నా మంచి మందు నాకు తెలియదు.

వాగు దాటుతుంటే మధ్యలో బండి ఆగిపోయింది, మళ్లీ సెల్ఫ్ కొట్టవచ్చా?
– పేరు లేని కార్డు, ఉదయగిరి ముద్ర ఉంది

కొట్టొద్దు. గాలి గొట్టంలోంచి సిలిండరులోకి నీళ్లు పోయి ఉంటే ఇంజను వాటిని అణచలేదు, కనెక్టింగు రాడ్డు వంగుతుంది. తోసి బయటికి తెచ్చి ఎయిర్ ఫిల్టరు విప్పి చూడండి, తడి ఉంటే మెకానిక్కే. ప్రవాహం మోకాలు దాటితే అసలు దిగొద్దు. 2021 నవంబరులో పెన్న పడుగుపాడు దగ్గర జాతీయ రహదారినే కోసుకుపోయింది, మన బండెంత.

మాది విడవలూరు మండలం. ఆదివారం వస్తే ఒడ్డున నాలుగైదు కార్లు దిగబడతాయి, నా ట్రాక్టరుతో లాగుతుంటాను. ఈమధ్య లాగేటప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేస్తున్నాయి. ముందు ఇద్దరు పిలకాయల్ని కూర్చోబెడుతున్నాను. ఇంకేమైనా ఉపాయం ఉందా? రేటు ఎంత తీసుకోవచ్చు?
– ట్రాక్టరు యజమాని

పిలకాయల్ని ఈ రోజే దించేయండి. మీ ఉత్తరం చదివాక రెండు రాత్రులు నాకు నిద్ర సరిగా లేదు. ముందు చక్రాలు లేస్తున్నాయంటే మీరు గొలుసు పైన ఎక్కడో కడుతున్నారని అర్థం, టాప్ లింకుకో, ఇరుసుకో. వెనక బరువు కదలక, చక్రం తిరగలేక పోతే ఇంజను ఊరుకోదు. చక్రం బదులు ట్రాక్టరే ఇరుసు చుట్టూ తిరిగి వెనక్కి పడుతుంది. క్లచ్చి తొక్కాలని తోచేలోపు పని అయిపోతుంది. కింద ఉండేది మీరు.

కింద డ్రాబార్ ఉంది కదా, లాగడానికే పెట్టింది అది. దానికే కట్టండి. అక్కడ కడితే లాగుడు కిందికి ఉంటుంది కాబట్టి ముందు భాగం లేవడానికి అవకాశం తక్కువ. లో రేంజిలో మొదటి గేరు వేసి, క్లచ్చి వెన్నలాగా వదలాలి. గొలుసు బిగిసేదాకా పాకాలి, దూకకూడదు. ముందు బరువు కావాలంటే కంపెనీ ఇనప బరువులు దొరుకుతాయి, మనుషుల్ని కాదు. వెనక చక్రాలు ఇసకని తవ్వడం మొదలుపెడితే ఆపేయండి. లేకపోతే రెండు బండ్లు దిగబడతాయి, అప్పుడు మీకు ట్రాక్టరు నేను పంపాలి.

రేటు మీ ఇష్టం. డీజిలు, మీ టైము చూసుకోండి. పోటు ఎక్కుతుంటే రెట్టింపు అడుగుతున్నానని రాశారు, అది మాత్రం నాకు నచ్చలేదు. దానికన్నా ట్రాక్టరులో రెండు పారలు, పది గోతాలు, గాలి చూసే మీటరు ఒకటి పెట్టుకోండి. సగం కార్లు గాలి తీసి తవ్వితేనే వచ్చేస్తాయి, గొలుసు దించే పనే ఉండదు. ఆ డబ్బులు తవ్వుడు కూలీ కింద తీసుకోండి.